పాతబండి నేర్పిన పాఠం

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి "మాస్టారూ, ఈసారి కూడా విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ప్రతి సంవత్సరం విద్య గురించే చెబుతున్నాము. ఆడపిల్లల చదువు, ఉర్దూ మాధ్యమం, ఉపకారవేతనాలు – అన్నీ అయిపోయినవి. వినేవారికీ విసుగు, చెప్పేవారికీ విసుగు. కనుక ఈసారి ఒక పాత మోటారుకారు గురించి మాట్లాడతామని మనవి చేసుకున్నాము. ఆయన నవ్వి, "విద్యకూ కారుకూ సంబంధమేమిటండీ?" అన్నారు. ఆ సంబంధం మాకు కూడా నలభై దాటేదాకా తెలియలేదు. తెలిసిన తీరు చెబుదామనే ఇక్కడ నిలబడ్డాము.

మా అబ్బాజాన్ డ్రైవరు. ఒక పొగాకు వ్యాపారి దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా కారు తోలారు. 1971 మోడలు అంబాసిడరు, మార్క్ 2. ఆ షావుకారుగారు పెద్దవయసులో కొత్తకారు కొనుక్కున్నప్పుడు, "నువ్వు తోలిన బండి, నీ దగ్గరే ఉండనీవయ్యా" అని నామమాత్రపు ధరకు అబ్బాజాన్‌కే ఇచ్చివేశారు. అబ్బాజాన్ పోయిన తరువాత దానిని తోలినవారు లేరు. అజిత్‌సింగ్‌నగర్‌లో మా తమ్ముడి ఇంటి పక్కన రేకుల పంచలో, టార్పాలిన్ కింద ఉండిపోయింది.

2024 సెప్టెంబరు 1వ తేదీ మీకెవరికీ చెప్పనక్కరలేదు. బుడమేరు ఊరి మీద పడింది. మన సంఘ సభ్యుల్లోనే ఎందరి ఇళ్ళల్లో మంచాలు తేలినవో! మా తమ్ముడి కుటుంబం డాబా మీద రాత్రి గడిపింది. బండి సంగతి ఎవరికి కావాలి? నీళ్ళు తీసిన తరువాత చూస్తే సీట్ల నిండా ఒండ్రుమట్టి. పాత ఇనుము కొనే అతను వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. తమ్ముడు "ఇచ్చేద్దాం భాయీ" అన్నాడు. మేమూ సరేనన్నాము. మా అమ్మీ మాత్రం ఏమీ అనకుండా వెళ్ళి, డ్రైవరు వైపు తలుపు మీద బురద కొంగుతో తుడవటం మొదలుపెట్టింది. ఇక అమ్మటం కుదరలేదు.

అలా ఆ బండిని ఒక లారీకి తగిలించుకొని ఆటోనగర్‌కు చేరాము.

మన విజయవాడ ఆటోనగర్ 1966లో ఏర్పడింది. లారీల పనులకు దేశమంతటా పేరున్న చోటు. అక్కడ ఒక బండిని మొత్తంగా ఒకే మనిషి చేయడు. కట్టలు వేసేవారు వేరు, రేడియేటరు వేరు, లేత్ వేరు, వైరింగు వేరు, టింకరింగు వేరు, పెయింటింగు వేరు. వీధికొక విద్య. అందులో ఒక మూల, పాత కార్లను మాత్రమే చేసే షెడ్డు ఒకటున్నది. అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు. దాని ఉస్తాద్‌గారికి డెబ్బై ఏళ్ళుంటాయి. చదువు రాదు. వేలిముద్ర మనిషి. పేరు చెప్పవద్దని మాట తీసుకున్నారు కనుక చెప్పటం లేదు.

ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టర్ సాబ్, స్టార్ట్ చేసి చూశారా?" అని. లేదన్నాము. "షుకర్" అన్నారు. సంగతేమిటంటే, సిలిండరులోకి నీరు పోయినప్పుడు స్టార్టు చేస్తే పిస్టను పైకి వచ్చి ఆ నీటిని నొక్కాలి. గాలి నొక్కుడుపడుతుంది, నీరు పడదు. పిస్టనుకు దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరదనీటిలో మునిగిన బండికి ముందు ప్లగ్గులు విప్పాలి, నూనె దించాలి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. దించిన నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఈ ఒక్క మాట తెలియక ఆ వారంలో మన పేటల్లో ఎన్ని మోటారు సైకిళ్ళు చెడిపోయినవో చూశాము.

ఉస్తాద్‌గారు మాట్లాడుతూనే బండి కిందకు వంగి, "బేటా, ఇటు రా. సైడు పట్టీలు చూడు" అని కేక వేశారు. బండి కింద నుంచి ఒక మనిషి జారి బయటకు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. "సలాం సార్" అన్నాడు.

మేము గుర్తుపట్టలేదు. అతనే చెప్పాడు. ఎనిమిదో తరగతి, మా క్లాసు, 2008.

సోదరులారా, ఇక్కడ మేమొక తప్పు ఒప్పుకోవాలి. అప్పట్లో మాకు ఉద్యోగం కొత్త, కోపం ఎక్కువ. ఘనపరిమాణాల పాఠం జరుగుతున్నది. ఈ కుర్రవాడిని లేపి అడిగాము. చెప్పలేదు. మరల అడిగాము. చెప్పలేదు. క్లాసంతా వినేటట్టు, "నీకు లెక్కలు రావు, పోయి షెడ్డులో పానాలు తుడుచుకో" అన్నాము. పిల్లలు నవ్వారు. తరువాతి వారం నుంచి అతను రాలేదు. మూడు నెలలు గైర్హాజరు వేసి, రిజిస్టరులో పేరు ఎర్రసిరాతో కొట్టివేశాము. వాళ్ళ ఇల్లు మసీదు వెనుక వీధిలోనే. ఒక్కసారి వెళ్ళలేదు. వెళితే అయిదు నిమిషాల నడక.

అతను ఆ మాట ఎత్తలేదు. "అబ్బాజాన్ బండా సార్? నేను చేస్తాను" అన్నాడంతే.

ఆ తరువాత ఎనిమిది నెలలపాటు, ఆదివారాలు, సెలవు రోజులు ఆ షెడ్డులోనే గడిపాము. చూసింది కొంత చెబుతాము, ఎందుకంటే మన వీధిలో ఉన్న విద్య ఎంతటిదో మనకే తెలియదు.

మోటారుకార్లు వచ్చిన కొత్తలో కంపెనీవారు ఇంజను, ఛాసిస్ మాత్రమే చేసి ఇచ్చేవారు. పైన శరీరం కట్టేవారు వేరు. అంతకు ముందు గుర్రపు బగ్గీలు కట్టినవారే వారు. మన హైదరాబాదు నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, చౌమహల్లా ప్యాలెస్‌లో మీలో కొందరు చూసి ఉంటారు. దాని ఇంజను, ఛాసిస్ రోల్స్ రాయిస్‌వారివి, పై శరీరం మాత్రం లండనులోని బార్కర్ అనే బగ్గీల కంపెనీవారు కట్టినది. ఆ పద్ధతి కార్లలో పోయింది గాని లారీల్లో నిలిచింది. కంపెనీ నుంచి వచ్చిన లారీకి వెనుక తొట్టి కట్టేది ఆటోనగర్ మనిషే. అంటే బార్కరువారు రాజుగారికి చేసిన పని, మనవాళ్ళు మిరపకాయల బస్తాలకు చేస్తున్నారు. పనిలో గౌరవం ఒకటే. కూలిలోనే తేడా.

అంబాసిడరు అలా కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా తీసుకొని హిందుస్థాన్ మోటార్స్‌వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1957లో మొదలుపెట్టి, 2014 దాకా చేశారు. దీనికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల శరీరమే ఎముకల గూడు. నేల, తలుపుల కింద పొడుగునా ఉండే పట్టీలు, పైకప్పు – అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఆ తలుపుల కింది పట్టీలు పెట్టెలాగ లోపల డొల్లగా ఉంటాయి. వరద మట్టి చేరింది అక్కడే. పైకి రంగు నిగనిగలాడుతున్నది. ఉస్తాద్‌గారు స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే బిస్కెట్టులాగ లోపలికి దిగిపోయింది.

కుళ్ళిన పట్టీ కోసి కొత్తది వేయాలి. మేమనుకున్నాము, కోయటం, అతకటం, ఇంతే గదా అని. కుర్రవాడు కోసే ముందు తలుపులు విప్పి, తలుపు చోటులో అడ్డంగా, మూలకు మూలకు ఇనుప కడ్డీలు వేసి తాత్కాలికంగా వెల్డు చేశాడు. ఎందుకయ్యా అంటే, "సార్, పట్టీ తీసేస్తే బండి నడుము జారిపోతుంది. వెంట్రుకంత జారినా తలుపు మరి పడదు. కడ్డీలు కట్టు కట్టినట్టు" అన్నాడు. విరిగిన కాలికి కట్టు వేసే వైద్యుడు కూడా అంతకంటే బాగా చెప్పలేడు. ఆ తరువాత ఒక దారం తీసుకొని ఎడమవైపు తలుపు చోటు మూల నుంచి మూలకు కొలిచాడు. అదే దారం కుడివైపు పెట్టి చూశాడు. రెండూ ఒకటైతేనే కత్తి పట్టాడు. మేము కర్ణం అని బోర్డు మీద గీసేది, అతను దారంతో పట్టుకున్నాడు.

కోసిన చోటికి ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించుకున్నాడు. దాన్ని రేకు మీద గీసి, కోసి, చెక్క సుత్తితో వంపు తీశాడు. రేకు మందాన్ని గేజీల్లో చెబుతారు. గేజి సంఖ్య పెరిగే కొద్దీ రేకు పలచబడుతుంది. ఇది తెలియని కొనుగోలుదారుడికి, సంఖ్య పెద్దది కదా అని పలచరేకు అంటగట్టవచ్చు. వెల్డింగు కూడా ఒక చివర నుంచి మరో చివరకు వరుసగా లాగలేదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, ఆరనిచ్చి మధ్యలో మరొక చుక్క. ఒకేచోట వేడి పెడితే రేకు సాగి అల అలగా లేస్తుందట. అలా లేచినప్పుడు ఆ చోట ఎర్రగా కాల్చి, తడిగుడ్డ వేస్తే రేకు ముడుచుకుంటుంది. వేడికి సాగుట, చల్లదనానికి ముడుచుకొనుట – మా సైన్సు పాఠం.

ఆ పైన పుట్టీ. పుట్టీ విషయంలో ఉస్తాద్‌గారు మహా కఠినం. సొట్టను సుత్తితో వెనుక నుంచి తీయాలి గాని పుట్టీతో పూడ్చరాదు అంటారు. పలచగా, కాగితమంత వేయాలట. మందంగా వేస్తే రెండు వానలకు పగులుతుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటుంది. వరద తరువాత పాత బండ్లు కొనదలచిన సభ్యులకు ఆయన చెప్పిన చిట్కా మనవి చేస్తాము. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. నేలమీది చాప ఎత్తి వాసన చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి చుట్టలో బురద గీత ఉంటే ఆ బండి మునిగినదే.

రంగు వేసే ముందు ఒక తమాషా చూశాము. ప్రైమరు మీద నల్లరంగు మంచులాగ పలచగా చల్లి, నీళ్ళతో వాటర్ పేపరు పెట్టి రుద్దారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయింది, పల్లంగా ఉన్నచోట మిగిలింది. కంటికి కనపడని గుంటలన్నీ తామే చెప్పుకున్నవి. ఇన్ని సంవత్సరాల మా ఉపాధ్యాయ వృత్తిలో, పిల్లవాడికి ఎక్కడ రాదో ఇంత సులభంగా కనిపెట్టే పరీక్ష ఒక్కటి తయారుచేయలేకపోయాము. మా పరీక్షలు పిల్లవాడికి రాదని చెబుతాయి. ఎక్కడ రాదో చెప్పవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము.

ఇంజను విప్పిన రోజున సిలిండర్లు కొలిచారు. సిలిండరు పైభాగంలో అరుగుదల ఎక్కువ ఉంటుంది, పిస్టను రింగులు తిరిగే చోట. బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేయాలన్నారు. అంగుళంలో వెయ్యో వంతును షెడ్డులో థౌ అంటారు. నలభై థౌ తీయాలి. కుర్రవాడు గేజి తుడుస్తూ, ఎప్పటి నుంచో అడగాలనుకున్నట్టు, "సార్, ఈ ఇంజనును 1489 సీసీ అంటారు గదా. ఆ 1489 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాడు.

మేము సుద్దముక్క తీసుకొని షెడ్డు నేల మీదే కూర్చున్నాము. బోరు 73.025 మిల్లీమీటర్లు. అందులో సగం తీసుకో. సెంటీమీటర్లలో 3.65125. దాన్ని దానితోనే గుణించు. 3.1416 పెట్టి గుణించు. వచ్చినది గుండ్రటి పిస్టను తల వైశాల్యం, 41.88. పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు, అంటే 8.89 సెంటీమీటర్లు. దానితో గుణిస్తే 372. అలాంటివి నాలుగు సిలిండర్లు. నాలుగుతో గుణిస్తే 1489.

అతను చాలాసేపు నేలవైపు చూశాడు. ఆ తరువాత తనే సుద్ద తీసుకొని, నలభై థౌ కలిపి, ఫోనులోని లెక్కల యంత్రంతో మళ్ళీ మొదటి నుంచి చేశాడు. 1531 వచ్చింది. "నలభై రెండు సీసీ పెరిగింది సార్" అన్నాడు. సరిగ్గా చేశాడు. ఒక్క తప్పు లేదు.

అప్పుడన్నాడు. "సార్, ఇది మీరు బోర్డు మీద చెప్పిన ఉస్తువానా లెక్కే కదా?"

అవును, అదే. ఉర్దూలో ఉస్తువానా అన్నా, ఇంగ్లీషులో సిలిండరు అన్నా, తెలుగు పుస్తకంలో స్థూపం అన్నా ఒకటే. 2008లో మేము అతన్ని నిలబెట్టి అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే. ఉస్తువానా హజమ్ ఎంత? వాళ్ళ బాబాయి అప్పటికే ఆటోనగర్‌లో పని చేస్తున్నాడు. పిల్లవాడు శుక్రవారాలు అక్కడే తిరిగేవాడు. సిలిండరంటే వాడికి తెలుసు. చేత్తో తాకినవాడు. ఉస్తువానా అంటేనే తెలియదు. "ఒరే, ఉస్తువానా అంటే ఇంజనులో సిలిండరేరా" అని ఒక్క మాట మేము అన్నామా? అనలేదు. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, ఇంజనులో సిలిండరుకూ మా పాఠానికీ సంబంధం ఉన్నదని ఆనాడు మాకే తట్టలేదు. మేము చదివింది పుస్తకంలో బొమ్మే గాని, లోపల పిస్టను నడిచే ఉస్తువానాను మేమూ చూడలేదు. ఆ రోజు లెక్క రానిది ఎవరికి?

బోరు 73 ఎంతో అతనికి నిద్రలో లేపినా తెలుసు. దానినే మేము ఖుతర్ అంటాము, తెలుగువారు వ్యాసమంటారు. గునియాలో ఉందా లేదా అని షెడ్డులో చూస్తారు. మా పుస్తకంలో జావియా ఖాయిమా, తెలుగులో లంబకోణం. అంగుళంలో ఎనిమిదో వంతును మన ఉర్దూ మాట్లాడే మేస్త్రీ సూత్ అంటాడు, తెలుగు వడ్రంగి నూలు అంటాడు. రెంటికీ అర్థం దారమే! ఇద్దరు పనివాళ్ళు ఒకరినొకరు అడగకుండానే ఒకే పేరు పెట్టుకున్నారు. బడికీ షెడ్డుకూ మధ్య మాత్రం ఎవరూ దారం కట్టలేదు.

ఉస్తాద్‌గారు ఇదంతా వింటూ కూర్చున్నారు. సాయంత్రం టీ తెప్పించి, "మాస్టర్ సాబ్, నాకు కళ్ళు మసకబారుతున్నవి. ఏ బండికి ఎంత పట్టాలో, ఎక్కడ ఎంత వదలాలో అంతా చేతిలో ఉంది, కాగితం మీద లేదు. నా ఉస్తాద్ దగ్గర నాకు తెలిసినది సగమే. మిగతా సగం ఆయనతో ఖబరస్తానుకు పోయింది. నాది కూడా అలాగే పోవాలా? మీరు రాయండి" అన్నారు.

రాస్తున్నాము. ఇప్పటికి రెండు లాంగు నోటుపుస్తకాలు నిండినవి. పేజీకి మూడు గళ్ళు. షెడ్డు మాట, ఉర్దూ మాట, తెలుగు మాట. అన్నీ తెలుగు లిపిలోనే, ఎందుకంటే అక్కడి కుర్రవాళ్ళు చదవగలిగింది అదే. ఉర్దూ ఉపాధ్యాయులమై ఉండి ఉర్దూ మాటలను తెలుగు లిపిలో రాయటం మాకు కొంచెం కష్టంగానే ఉన్నది. కాని చదివేవాడు లేని లిపిలో రాసి ఎవరిని ఉద్ధరిస్తాము?

ఇక్కడ యువకులకు ఒక మాట. మీరు షెడ్డుకు వచ్చి, టైర్లు బయటకు పొడుచుకు వచ్చేటట్టు, సైలెన్సరు మోత మోగేటట్టు, జీపు పైభాగం కోసేటట్టు చేయమంటారు. కొత్తగా సృష్టించటం తప్పని ఉస్తాద్‌గారు అనరు. హైదరాబాదులో సుధా కార్స్ మ్యూజియం చూడండి. బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో నడిచే కార్లు కట్టి పెట్టారు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున మూడు చక్రాల సైకిలు కట్టి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అది ప్రదర్శనకు. రోడ్డు మీద తిరిగే బండి సంగతి వేరు. కంపెనీవారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి పాతదాన్ని పాతగానే నిలబెట్టినవారికి 2021లో కేంద్రం నియమాలు చేసింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లకు, మోటారు సైకిళ్ళకు వింటేజ్ కింద వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి అవి పనికిరావు. అంటే మార్చినవాడికి జరిమానా, కాపాడినవాడికి గుర్తింపు. ఉస్తాద్‌గారు దీన్ని తన భాషలో, "కట్టినవాడి మనసు తెలుసుకొని చేయాలి" అంటారు.

షెడ్డులో అంతా బాగున్నదని కూడా మేము చెప్పటం లేదు. రంగు చల్లే కుర్రవాళ్ళు ముక్కుకు జేబురుమాలు కట్టుకొని చల్లుతున్నారు. ఇప్పటి రెండు డబ్బాల రంగుల్లో కలిపే గట్టిపరచే మందు ఊపిరితిత్తులను పట్టి ఉబ్బసం తెస్తుంది. దానికి జేబురుమాలు చాలదు, సరైన మాస్కు కావాలి. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గాలి గొట్టంతో ఊది శుభ్రం చేయరాదు, తడిగుడ్డతో తుడవాలి. ఇవి చెప్పేవారు లేరు. ఇక పిల్లల సంగతి. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడిని ఏ పనిలోనూ పెట్టుకోరాదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది వరకు ప్రమాదకరమైన పనిలో పెట్టుకోరాదు. ఇది కొత్త సంగతి కాదు, మనందరికీ తెలుసు. తెలిసి కూడా, "పోనీలే, చేతికి పని వస్తుంది" అని ఊరుకుంటున్నాము. చేతికి పని రావటం మంచిదే. ఆ చేతికి ముందు కొంచెం అక్షరం, కొంచెం లెక్క వచ్చి ఉండాలి.

ఎందుకంటే మా కుర్రవాడి సంగతి చూడండి. ఐ.టి.ఐ.లో వెల్డరు, షీట్ మెటల్ వంటి ట్రేడులకు 8వ తరగతి ఉత్తీర్ణత చాలు. అతను ఎనిమిది మధ్యలో మానినాడు. ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకొని వెల్డింగు చేయగలిగినవాడికి, వెల్డింగు నేర్చుకోవటానికి అర్హత లేదు! బ్యాంకుకు పోతే కాగితమేదీ అంటారు. గల్ఫుకు పోదామంటే సర్టిఫికెట్ ఏదీ అంటారు. మూడు నెలల చదువు తక్కువైంది. ఆ మూడు నెలలకు మా నోటిమాట కారణం.

కనుక ఈ సభకు మూడు మనవులు చేసి ముగిస్తాము.

మొదటిది. మన సంఘ భవనంలో మేడమీది హాలు ఆదివారం ఖాళీగానే ఉంటున్నది. ఉదయం రెండు గంటలు షెడ్డుల్లో పనిచేసే పెద్దపిల్లలకు లెక్కలు, కొలతలు చెప్పటానికి ఇప్పించండి. జీతం అక్కరలేదు. సుద్దముక్కలు, టీ చాలు. మా నోటుపుస్తకాలే మొదటి పాఠ్యపుస్తకం. బడి మానినవారు ఓపెన్ స్కూలు ద్వారా 10వ తరగతి రాయవచ్చు. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉన్నది. ఆ ఫారాలు నింపటం రాకనే మనవాళ్ళు ఆగిపోతున్నారు. ఫారాలు మేము నింపుతాము.

రెండోది మా తోటి ఉపాధ్యాయులకు. మూడు రోజులు రాని పిల్లవాడి ఇంటికి నాలుగో రోజు వెళదాము. ఎర్రసిరా తరువాత తీయవచ్చు.

మూడోది అధ్యక్షులవారికి. ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద 10వ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి షీల్డులు ఇస్తున్నాము. ఇవ్వవలసినదే. కాని ఇన్నేళ్ళలో ఒక్క మేస్త్రీని, ఒక్క టింకరును, ఒక్క లేత్ పనివాడిని ఈ మెట్లు ఎక్కించామా? ఈ భవనం గేటు చేసినది ఎవరు? ఈ మైకు వేసినది ఎవరు? వచ్చే సంవత్సరం ఒక షీల్డు వారికి కూడా ఉంచండి.

బండి సంగతి చెప్పలేదు కదూ. నడుస్తున్నది. మొదటిరోజు మా అమ్మీని ఎక్కించుకొని కృష్ణ ఒడ్డుదాకా వెళ్ళి వచ్చాము. తోలింది మేము కాదు, మాకు అంబాసిడరు గేరు చేతికి రాలేదు. కుర్రవాడే తోలాడు. అమ్మీ దిగేటప్పుడు అతని చేయి పట్టుకొని ఏదో దుఆ చేసింది. మేము కూలి డబ్బు లెక్క పెట్టి ఇచ్చాము. రంగు ఖర్చు, సామాను ఖర్చు తీసుకొని, తన కూలి తిరిగి మా చేతిలో పెట్టాడు.

"సార్, ఇది ఉంచండి. నా 10వ తరగతి ఫీజు కట్టండి" అన్నాడు.

కట్టాము. అతను ఈ సభలోనే, వెనుక వరుసలో ఉన్నాడు. పక్కన ఉస్తాద్‌గారు కూడా ఉన్నారు. పిలిస్తే సిగ్గుపడతారు గనుక మేము పిలవటం లేదు. భోజనాల దగ్గర మీరే వెళ్ళి పలకరించండి.